కళ్ళం దిబ్బ మీద రెండో ఇల్లు కట్టుకోనివ్వండి: నుడాకు, జిల్లా యంత్రాంగానికి బహిరంగ లేఖ

నెల్లూరు నగరాభివృద్ధి సంస్థ (నుడా) పాలకవర్గానికి, అధికారులకు, జిల్లా కలెక్టర్ గారికి, మా శాసనసభ్యులకు,

నమస్కారం.

నేను కోవూరు ప్రాంతంలో పెన్నా కాలవ కింద వరి పండించే రైతును. మీ ముందు ఒక్కటే కోరిక పెడుతున్నాను. సాగు చేసుకుంటున్న రైతు కుటుంబం తన సొంత పొలంలో, పంట పండని మెరక జాగాలో, ఇప్పుడున్న ఇంటికి తోడుగా ఇంకొక చిన్న ఇల్లు కట్టుకోవడానికి విడిగా ఒక నిబంధన రాయండి. లేఅవుట్ వేసి ప్లాట్లు అమ్మేవాళ్ళకు ఏ దారి పెట్టారో, ఆ దారినే మమ్మల్నీ రమ్మంటున్నారు. అది మాకోసం వేసిన దారి కాదు. అందులో మేం నడవలేం.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, నిబంధనలు మారుతున్న కాలం ఇది. పొలాన్ని వేరే పనికి వాడుకోవాలంటే ఆర్డీవో దగ్గర మార్పిడి అనుమతి తీసుకోవాలని 2006లో చట్టం వచ్చింది. దాన్నే నాలా చట్టం అంటారు. నాలా అంటే మా పల్లెల్లో చదువు రానివాళ్ళకు కూడా తెలుసు. ఆ చట్టాన్ని తీసేయాలని ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. మార్పిడి కాగితం కోసం విడిగా తిరిగే పని లేకుండా, ప్లాను అనుమతి దగ్గరే బాహ్య అభివృద్ధి రుసుము కట్టించుకునే పద్ధతి వైపు పోతున్నాం. మంచిదే. కానీ ఈ మార్పు గురించి పేపర్లో వచ్చిన మాటలన్నీ పరిశ్రమలకు, లేఅవుట్లకు పని సులువవుతుందనే. రైతు ఇంటి ప్రస్తావన ఎక్కడా నా కంటపడలేదు. పాత చట్టం పోయి కొత్త పద్ధతి కుదురుకునే ఈ సందులోనే మా మాట కూడా అందులో పడాలి. తర్వాత అడిగితే, రూల్సు అయిపోయాయి, మళ్ళీ సవరణ వచ్చినప్పుడు చూద్దాం అంటారు.

ముందు ఊళ్ళో పరిస్థితి చెబుతాను. గ్రామకంఠం హద్దులు మా తాతల కాలంలో ఎక్కడున్నాయో ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. మనుషులు మాత్రం పెరిగారు. మా వీధిలో ఒక మిద్దె ఉంది. తాత కట్టించిన నాలుగు గదుల ఇల్లు, ముందు వసారా. ఆయన ముగ్గురు కొడుకులు పంచుకున్నప్పుడు వసారాకు అడ్డంగా రెండు ఇటుక గోడలు లేచాయి. మధ్య వాటా వాళ్ళకు వెలుతురు వచ్చే కిటికీ ఒక్కటి కూడా మిగల్లేదు. వెనక దొడ్డిలో ఉన్న ఒకే మరుగుదొడ్డిని మూడు కుటుంబాలూ వాడుకుంటాయి. దానికి ఇంకోటి కట్టాలంటే గుంత తవ్వే జాగా లేదు. గేదెల్ని రోడ్డు వార కట్టేస్తారు. అందులో పెద్దాయన మనవడికి పెళ్ళి సంబంధం చూస్తుంటే, పిల్ల తరఫువాళ్ళు వచ్చి ఇల్లు చూసి, పిల్లాడు మంచోడే గానీ కాపురం ఎక్కడ పెడతారని అడిగి వెళ్ళిపోయారు. ఆ కుటుంబానికి ఊరికి అర కిలోమీటరు దూరంలో రెండెకరాల పొలం ఉంది. ఆ పొలంలో ఏడాది పొడుగునా ఖాళీగా పడి ఉండే కళ్ళం దిబ్బ ఉంది. అక్కడ ఇల్లు కట్టుకోవడానికి మాత్రం దారి లేదు.

ఈ కళ్ళం దిబ్బ సంగతి మీరు కాస్త ఆగి వినాలి. నా కోరిక మొత్తం దానిమీదే నిలబడి ఉంది. డెల్టాలో ప్రతి పాత కమతంలోనూ నాలుగైదు సెంట్ల మెరక ఒకటి ఉంటుంది. కుప్ప వేసి నూర్చడానికి, వామి వేయడానికి, గొడ్లను కట్టేయడానికి పెద్దవాళ్ళు మట్టి పోసి ఎత్తు చేసుకున్న జాగా. కోత మిషన్లు వచ్చాక నూర్పిళ్ళు పోయాయి. వడ్లు కయ్యలోనే, అంటే మడిలోనే, ట్రాక్టర్లోకి దిగుతున్నాయి. వామి వేసేవాళ్ళు తగ్గారు. కళ్ళం మీద ఇప్పుడు తుమ్మచెట్లు, పిచ్చి కంప పెరుగుతున్నాయి. అక్కడ నాటడానికి లేదు, నీళ్ళెక్కవు. అక్కడ ఇల్లు లేచినా ఒక్క గింజ తగ్గదు. ఎత్తు ఉంది కాబట్టి కొత్తగా గ్రావెల్ తోలే పని లేదు, పక్క కయ్యకు పారే నీళ్ళు ఆగవు. మెట్ట వైపు పొదలకూరు, సైదాపురం, గూడూరు నిమ్మతోటల్లో కళ్ళాలు ఉండవు గానీ, మోటారు షెడ్డు చుట్టూ అలాంటి ఖాళీ జాగానే ఉంటుంది.

ఆ ఇంట్లో ఉండేది ఎవరు? పెళ్ళయి వేరు కాపురం పెట్టాల్సిన చిన్న కొడుకు. ఊళ్ళో ఇంటి మెట్లు ఎక్కలేక, పొలం దగ్గరే కాలక్షేపం చేస్తానంటున్న నాయన. భర్త పోయి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ, ఆమె పిల్లలు. పొలంలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న పాలేరు కుటుంబం. వీళ్ళలో ఎవరూ ఆ ఇంటిని అమ్ముకునేవాళ్ళు కాదు. పొలాన్ని వదిలి పోకూడదనే అక్కడ ఇల్లు అడుగుతున్నారు. ఇల్లు లేకపోతే చిన్న కొడుకు నెల్లూరులో అద్దెకు దిగుతాడు, రెండేళ్ళకు చెన్నై పోతాడు, పొలం కౌలుకు పోతుంది, ఆ తర్వాత అమ్మకానికి వస్తుంది. మా చుట్టుపక్కల పొలాలు ఎలా చేతులు మారాయో చూశాను. చాలా చోట్ల అమ్మకం మొదలయింది అప్పుతో కాదు, ఊళ్ళో కాపురానికి చోటు లేక పిల్లలు కదిలిపోవడంతో.

పొలం దగ్గర మనిషి ఉండాల్సిన అవసరం ఇప్పుడు తగ్గలేదు, పెరిగింది. కాలవ చివరి భూముల్లో నీళ్ళ వంతు ఏ అర్ధరాత్రో వస్తుంది. ఆ గంటలో మడవ తిప్పుకోకపోతే నీళ్ళు దిగువకు పోతాయి. మోటార్ల కేబుళ్ళు కోసుకుపోవడం, ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగితీగ తీసుకుపోవడం మీ పోలీస్ స్టేషన్లలో కూడా తెలిసిన సంగతే. మెట్ట మండలాల్లో అడవి పందులు ఒక్క రాత్రిలో వేరుశనగ చేను దున్నేస్తాయి. సముద్రం వార రొయ్యల గుంటల దగ్గర చూడండి, ప్రతి నాలుగు గుంటలకూ ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అందులో ఎక్కడినుంచో వచ్చిన కాపలావాళ్ళు పిల్లాజెల్లాతో ఉంటున్నారు. మరుగుదొడ్డి ఉండదు, తాగే నీళ్ళు డబ్బాల్లో తెచ్చుకుంటారు. పొలం దగ్గర మనుషులు ఉండకూడదని కాగితం మీద అనుకుంటున్నాం. ఉంటూనే ఉన్నారు, మనిషి ఉండదగ్గ ఇల్లు లేకుండా ఉంటున్నారు.

అనుమతి దొరకనప్పుడు రైతు ఏం చేస్తాడో కూడా చెబుతాను. కొందరు ఆగిపోతారు. ఎక్కువమంది అడక్కుండానే కట్టేస్తారు. ప్లాను లేదు కాబట్టి బ్యాంకు లోను ఇవ్వదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి గోడలు లేపుతారు. పంచాయతీ పన్ను వేయదు, డోర్ నంబరు రాదు. డోర్ నంబరు లేకపోతే ఇంటి కరెంటు సర్వీసు కష్టం. వ్యవసాయ ఫీడరులో కరెంటు పగలు 9 గంటలు ఇస్తారు, అది మోటారు కోసం. చీకటి పడ్డాక పసిపిల్లలున్న ఇంట్లో దీపం ఉండదు. ఎవరో ఒకరు దూరాన ఉన్న ఇంటి లైను నుంచి కర్రల మీద తీగ లాక్కొస్తారు. వానాకాలం తడి గట్ల మీద ఆ తీగ తెగి పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వేరు కాపురం ఉన్నా వేరు బియ్యం కార్డుకు చిరునామా చూపించలేరు. పిల్లవాడి స్కూలు ఫారంలో పాత ఇంటి నంబరే రాస్తారు. మా మండలంలో ఒక కుటుంబం అనుమతి కోసం తిరిగింది. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడ అడిగితే, వ్యవసాయ జోను, భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు పెట్టండన్నారు. నాలుగు సెంట్ల ఇంటికి, నలభై ఎకరాల వెంచర్‌కు అవే కాగితాలు. ఆ ఇంటాయన దరఖాస్తు వెనక్కి తీసుకుని రేకుల షెడ్డు వేసుకున్నాడు.

ఇక రెండో వైపు చూడండి. పొలాన్ని మింగుతున్నది ఏది?

జాతీయ రహదారికి, ఊరి రోడ్లకు ఆనుకుని వెంచర్లు ఎలా లేస్తాయో నేను ఒకదాన్ని మొదటినుంచి చివరిదాకా చూశాను. ముందు ఒక ఎడగారు, అంటే రెండో కారు, పైరు పెట్టకుండా పొలం బీడు పడుతుంది. తర్వాత టిప్పర్లు వస్తాయి. మా కయ్యలకంటే నాలుగడుగుల ఎత్తున గ్రావెల్ పడుతుంది. తెల్లసున్నం పూసిన హద్దురాళ్ళు, ముందు ఒక ఆర్చి, రెండు కొబ్బరి మొక్కలు. అప్పటిదాకా ఎకరాలు, సెంట్లలో ఉన్న భూమి మర్నాటి నుంచి అంకణాల లెక్కన అమ్ముడుపోతుంది. ఆ భూమి మధ్యలోంచి పోయే పంట బోదెను పూడ్చి, దాని బదులు సన్నటి పైపు ఒకటి వేస్తారు. మొదటి వానకే దానికి చెత్త అడ్డం పడుతుంది. ఎగువ కయ్యలో నీళ్ళు కదలవు, నారు కుళ్ళిపోతుంది. దిగువ కయ్యకు నీళ్ళందవు, నెర్రెలిస్తుంది. రెండు పంటలు అలా పోయాక ఆ ఇద్దరు రైతులూ అదే వెంచర్ వాళ్ళకు ఫోన్ చేస్తారు. వరి పొలంలో నీళ్ళు కయ్య నుంచి కయ్యకు పారాలి. అందుకే ఒక్క వెంచర్ పడితే అది తీసుకున్న ఎకరాలతో ఆగదు, చుట్టూ ఉన్న ఎకరాలను కూడా కదిలిస్తుంది. ప్లాట్లు కొన్నవాళ్ళలో ఇళ్ళు కట్టేది ఏ కొద్దిమందో. మిగతావి ముళ్ళకంప పెరిగి పదేళ్ళు అలాగే ఉంటాయి. పంటా లేదు, ఇల్లూ లేదు.

2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, రైళ్ళు ఆగిపోయాయి. జాతీయ రహదారి కోసుకుపోయి లారీలు నిలిచిపోయాయి. ఆ నీళ్ళు ఏటివి, లేఅవుట్లు తెచ్చినవి కావు. అయితే వచ్చిన నీళ్ళు బయటికి పోవడం వేరే సంగతి. పాత మురుగు కాలవలు సరిగా ఉన్నచోట రెండు మూడు రోజుల్లో కయ్యలు తేలాయి. మెరక పోసి బోదెలు మూసిన చోట నీళ్ళు నిలబడిపోయాయి. డెల్టాలో ఏది కట్టినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, నీళ్ళు ఎటు పోతాయి అని. ఇప్పటి నిబంధనల్లో ఆ ప్రశ్న ఎక్కడో చివర వస్తుంది.

అనుమతి లేని లేఅవుట్లకు మాత్రం ప్రభుత్వం దారి చూపిస్తూనే వచ్చింది. 2020లో క్రమబద్ధీకరణ పథకం పెట్టారు, 2025లో మళ్ళీ తెచ్చారు. లేఅవుట్లో వదలాల్సిన ఖాళీ జాగా వదలకపోతే, ప్లాటు విలువలో కొంత శాతం కట్టి సరిచేసుకోవచ్చని నిబంధన. తెలియక ప్లాటు కొన్న మధ్యతరగతివాళ్ళకు ఆ పథకాలు అవసరమే, నేను కాదనను. వాళ్ళు కూడా కష్టపడి కూడబెట్టి కొన్నవాళ్ళే. కానీ నలభై ఎకరాల పంటభూమిని తప్పుగా మార్చినవాళ్ళకు డబ్బు కట్టి బయటపడే దారి ఉన్నప్పుడు, నాలుగు సెంట్ల కళ్ళం మీద ఇల్లు అడిగే రైతుకు సక్రమమైన దారి ఒకటి ముందే ఉండాలి కదా. తప్పు చేశాక క్షమించే పథకం మాకొద్దు. తప్పు చేయక్కర్లేకుండా చేయండి.

వేరేచోట్ల ఏం చేశారో కూడా చూడండి. వరి పొలాల్ని కాపాడటానికి కేరళ 2008లో చట్టం చేసింది. దేశంలో అంత గట్టిది ఇంకోటి నాకు కనపడలేదు. వరి పొలాన్ని వేరే పనికి మార్చడం అక్కడ నిషిద్ధం. అలాంటి చట్టంలో కూడా, వేరే చోట ఇంటి జాగా లేని యజమాని సొంతంగా ఉండటానికి ఇల్లు కట్టుకోవాలంటే పంచాయతీల్లో 10 సెంట్లు, పట్టణాల్లో 5 సెంట్లు అనుమతించే వీలు పెట్టారు. పక్క పొలాల సాగు దెబ్బతినకూడదన్న షరతుంది. దరఖాస్తును ముందు స్థానిక కమిటీ చూస్తుంది. అందులో పంచాయతీ అధ్యక్షులు, వ్యవసాయ అధికారి, గ్రామ రెవెన్యూ అధికారి, వాళ్ళతోపాటు రైతుల ప్రతినిధులు ఉంటారు. కర్ణాటక భూ రెవెన్యూ చట్టంలో రైతు తన కమతంలో పదో వంతు మించకుండా, ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితికి లోబడి, పొలం ఇల్లు కట్టుకుంటే దానికి భూ మార్పిడి అక్కర్లేదు. అంతదూరం అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం ఉంది. 1973లో చట్టం చేసి సాగు భూముల్లో ఇళ్ళ మీద పట్టు బిగించింది. అక్కడ కూడా సాగులో చేయి కలిపే దగ్గరి బంధువుకు రెండో ఇల్లు ఒప్పుకుంటారు. ఒంట్లో బాగాలేని మనిషిని చూసుకోవడానికైతే తాత్కాలికంగా ఒక ఇల్లు పెట్టుకోనిచ్చి, అవసరం తీరాక తీసేయమంటారు. భూమిని కాపాడాలని పట్టుదలగా ఉన్న ఈ చోట్లన్నిటా రైతు ఇంటిని విడిగా చూశారు. కాపాడటం అంటే రైతును పొలం నుంచి వెళ్ళగొట్టడం కాదని వాళ్ళకు తెలుసు.

మన 2006 చట్టంలోనే సంప్రదాయ వృత్తుల గృహపరిశ్రమలకు, యజమాని సొంతంగా వాడుకుంటే, ఎకరం దాకా మినహాయింపు ఉండేది. అంటే ఎవరు వాడుతున్నారు, దేనికి వాడుతున్నారు అని చూసి మినహాయించడం మనకు కొత్తకాదు.

కాబట్టి నేను అడిగే నిబంధన ఇలా ఉండాలి. ఎకరం, ఆపైన ఉన్న కమతానికి 5 సెంట్లు దాటకుండా, అర ఎకరం ఉన్నవాళ్ళకు 3 సెంట్లు. గ్రామాల్లో ఇళ్ళు లేని పేదలకు 3 సెంట్లు ఇస్తామని ప్రభుత్వమే 2024లో చెప్పింది, రైతుకు తన భూమిలో అంతకన్నా తక్కువ పెట్టడానికి కారణం లేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన రాష్ట్రంలో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే సుమారు రెండెకరాల ముప్పై రెండు సెంట్లు. అందులో 5 సెంట్లంటే రెండు శాతం చిల్లర. అది కూడా పంట పండని మెరక మీద. కళ్ళం, దొడ్డి, మోటారు షెడ్డు జాగా, దారి వార గట్టు, వీటిలో ఏదో ఒకచోట తప్ప కయ్య నడిమధ్య ఒప్పుకోవద్దు. కొత్తగా మట్టి తోలి మెరక చేస్తామంటే కూడా ఒప్పుకోవద్దు. బోదె మీద గానీ మురుగు కాలవ మీద గానీ ఒక్క అడుగు కూడా పడకూడదు, చెరువు నీళ్ళు నిలిచే హద్దులోకి అసలు రాకూడదు. మరుగుదొడ్డి గుంత తన బోరుకూ పక్కవాళ్ళ బోరుకూ 15 మీటర్ల దూరంలో ఉండాలి. సముద్రం వార ఇసుక నేలల్లో దొరువు నీళ్ళే తాగుతారు, అక్కడ ఈ దూరం ఇంకా పెంచినా మాకు సమ్మతమే.

రుసుము విషయంలో ఎక్కువ చెప్పను. అమ్ముకునే భూమికి, అమ్ముకోలేని ఇంటికి ఒకే శాతం వేయకండి. నామమాత్రపు ఫీజు పెట్టండి, కడతాం.

ఇక్కడ మీకు వచ్చే అనుమానం నాకు తెలుసు, నాకూ అదే అనుమానం ఉంది. రైతు ఇల్లు అని పేరు పెట్టి నగరంలో ఉన్నవాళ్ళు ఫాంహౌసులు లేపుతారు, అర ఎకరాలు కొని నాలుగు ఎర్రచందనం మొక్కలు నాటి, వారాంతానికి వచ్చిపోయే బంగళాలు కడతారు, ఆ పైన ఆ జాగా మళ్ళీ ముక్కలవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇదే జరిగింది, ఇక్కడా మొదలైంది. ఆ తలుపు తెరుచుకునేట్టయితే ఈ నిబంధన రాకపోవడమే మంచిది. కానీ దాన్ని మూసే గొళ్ళేలు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. రైతు సేవా కేంద్రాల్లో ప్రతి పంటకూ ఈ-క్రాప్ నమోదు జరుగుతోంది. ఏ సర్వే నంబర్లో ఏ పైరుంది, ఎవరు సాగు చేస్తున్నారు అన్నది అందులో ఉంటుంది. అయిదేళ్ళు వరసగా ఆ కుటుంబం పేరుతో ఈ-క్రాప్ ఉంటేనే దరఖాస్తు తీసుకోండి. కౌలుకిచ్చి పట్నంలో ఉండే యజమానికి ఈ వీలు రాదు, రాకూడదు కూడా. ఇంటిని పొలంతో ముడిపెట్టండి. భూమి రికార్డులైన 1బీలో, అడంగల్‌లో ఆ షరతు రాయండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (భూమి లావాదేవీల చిట్టా) తీస్తే అది కనపడాలి. ఆ ఇంటినీ దాని కింద సెంట్లనూ విడిగా రిజిస్టరు చేయడం కుదరదని నిషేధం పెట్టండి. అన్నదమ్ముల భాగాలు పంచుకుంటే ఇల్లు ఏ పొలంతో పోతుందో భాగపత్రంలో రాసుకుంటారు, ఆ మేరకు ఒప్పుకోండి. పొలం మొత్తం అమ్మితే ఇల్లూ దానితోనే పోతుంది. ఈ షరతులు పెడితే వ్యాపారికి దీని మీద ఆసక్తి ఉండదు. విడిగా అమ్ముకోలేని ఇంటితో అతనికి పని లేదు. రైతుకు మాత్రం ఇబ్బంది లేదు, ఎందుకంటే మేం అడిగింది ఉండటానికి.

డీకేటీ పట్టా రైతుల్ని, అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి సాగు చేసుకునేవాళ్ళని, ఇందులో మర్చిపోవద్దని నా మనవి. ఊళ్ళో అందరికంటే ఇరుకైన ఇళ్ళల్లో ఉన్నది వాళ్ళే. 1977 చట్టం అసైన్డ్ భూమి చేతులు మారకూడదని పెట్టింది. ఇక్కడ చేతులు మారే ప్రశ్నే లేదు, భూమి ఎవరిదో వాళ్ళే ఉంటారు. వ్యవసాయం కోసం ఇచ్చాం గనుక ఇల్లు కట్టరాదనే మాట రాకుండా ఈ నిబంధనలో వాళ్ళ పేరు స్పష్టంగా రాయాలి. లేకపోతే అసలు అవసరం ఉన్నవాళ్ళే బయట మిగిలిపోతారు.

అనుమతి ఎవరివ్వాలన్నది కూడా ముఖ్యం. నుడాకు పటం ఉంది, పటం మీద వ్యవసాయ జోనుకు పచ్చరంగు ఉంది. కానీ ఆ పచ్చరంగులో ఏది కళ్ళమో, ఏది కయ్యో, ఏ బోదె ఎటు పారుతుందో పటం చెప్పదు. ఊళ్ళో కాలవ నీళ్ళు చూసుకునే లష్కరుకు తెలుసు, నీటి సంఘంలో పనిచేసినవాళ్ళకు తెలుసు, పక్క పొలం రైతుకు అందరికంటే బాగా తెలుసు. అందుకని దరఖాస్తు గ్రామ సచివాలయంలోనే తీసుకోండి. గ్రామ సర్వేయరు, వ్యవసాయ సహాయకుడు, నీటిపారుదల శాఖ మనిషి ఒకే రోజు పొలానికి వచ్చి, పక్క గట్ల రైతుల్ని పిలిచి, అందరి ముందు కొలతలు వేయండి. పక్క రైతు నీళ్ళు ఆగుతాయంటే ఆ మాట రాసుకోండి, అది తేలేదాకా ఇవ్వకండి. నెలరోజుల్లో అవును అనో కాదు అనో రాతపూర్వకంగా చెప్పాలి, కాదంటే కారణం రాయాలి. వచ్చిన అనుమతితోనే డోర్ నంబరు, ఇంటి కరెంటు సర్వీసు, పంచాయతీ పన్ను అన్నీ ఒకేసారి రావాలి. ఒక్కోదానికి మళ్ళీ మొదటినుంచి తిరగమంటే జనం షెడ్డుల దారే పడతారు.

ఇప్పటికే పొలాల్లో కట్టుకుని ఉంటున్న రైతు కుటుంబాలకు కూడా ఇవే షరతులు పెట్టి ఒక అవకాశం ఇవ్వండి. బోదె మీద కట్టినవాళ్ళకు వద్దు. మెరక మీద కట్టుకుని, సాగు చేసుకుంటూ, చీకట్లో బతుకుతున్నవాళ్ళకు కరెంటు ఇవ్వండి.

లేఅవుట్ల విషయంలో ఒక్క మాట. పెన్నా డెల్టాలో రెండు పంటలు పండే మాగాణిలో కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేముందు, ఆ భూమి గుండా పోయే ప్రతి బోదె, ప్రతి మురుగు కాలవ పాత వెడల్పుతో నిలబడి ఉంటుందని నీటిపారుదల శాఖ సంతకం పెట్టాలి. పైపు వేశాం అంటే కుదరదు. సంగం, నెల్లూరు బ్యారేజీలు 2022లో ప్రారంభమయ్యాయి, నీళ్ళు తలగట్టు దగ్గర బాగానే ఉన్నాయి. చివరి కయ్య దాకా తీసుకెళ్ళే దారి మూసుకుపోతే ఆ ఖర్చంతా దేనికి?

ముసాయిదా ఏదైనా తయారుచేస్తే దాన్ని తెలుగులో రాయండి. వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకోకుండా ప్రతి సచివాలయం గోడకు అంటించండి, గ్రామసభ పెట్టి చదివి వినిపించండి. నాట్ల రోజుల్లో సభ పెడితే రైతులు రాలేరు. కోతలయి ఎడగారు నారు పోసే లోపల పెట్టండి, ఆడవాళ్ళు కూడా వచ్చే వేళ చూసి పెట్టండి. ఏ ఇంట్లో ఎంతమంది ఎలా సర్దుకుంటున్నారో వాళ్ళే సరిగ్గా చెబుతారు. ఆ సభకు మీలో ఒకరు వస్తే, అయిపోయాక పొలాల్లోకి తీసుకెళ్ళి రెండు కళ్ళాలు, ఒక వెంచరు, మూసుకుపోయిన ఒక బోదె చూపిస్తాం.

ఇట్లు,
కోవూరు మండలం నుంచి ఒక వరి రైతు